80 మీటర్ల లెక్క: చేతి మెషిన్ల కథ, అంకెల్లో

సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, మీ ఊరి హార్డ్‌వేర్ కొట్లోనో ఒక కటింగ్ డిస్కు చేతిలోకి తీసుకుని చూడండి. కంపెనీ పేరు పక్కన, కళ్లద్దాల బొమ్మ దగ్గర ఒక పెద్ద అంకె ఉంటుంది. నాలుగంగుళాల డిస్కు మీద 15,300. ఐదంగుళాల దాని మీద 12,200. ఏడంగుళాలకు 8,500, తొమ్మిదంగుళాలకు 6,650. నిమిషానికి అన్ని చుట్లకు మించి ఆ డిస్కును తిప్పకూడదని దానర్థం. డిస్కు పెద్దదయ్యేకొద్దీ అంకె చిన్నదవుతోంది. డిస్కు చుట్టుకొలతను మీటర్లలోకి మార్చి, దాని మీదున్న అంకెతో గుణించి, 60తో భాగిస్తే నాలుగింటికీ ఒకటే జవాబు వస్తుంది: సెకనుకు 80 మీటర్లు. అంటే అంచున ఉన్న రేణువు గంటకు 288 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుందన్నమాట. మామూలు రెసిన్ డిస్కులకు తయారీదారులు ఉమ్మడిగా పాటించే హద్దు అది.

ఇళ్ల పనుల్లో ఎక్కువగా కనిపించే నాలుగంగుళాల గ్రైండరు 11,000 చుట్లు తిరుగుతుంది. అంచు వేగం సెకనుకు 58 మీటర్ల లోపే. హద్దుకు బాగా దిగువనే ఉన్నాం కదా అనిపిస్తుంది. కానీ ఆ వేగంలో కూడా అంచునున్న ఒక్క గ్రాము పదార్థం దాదాపు 6.8 కిలోల బరువంత బలంతో బయటికి గుంజుతుంది. గ్రాముకు అంత! డిస్కును విడిపోకుండా పట్టి ఉంచేది గట్టిపడిన రెసిన్, దాని లోపల పరిచిన గాజునార వల. తేమ తగిలేకొద్దీ ఆ రెసిన్ పట్టు సడలుతుంది. అందుకే మంచి డిస్కుల నడిమి రంధ్రం చుట్టూ ఉండే లోహపు రింగు మీద గడువు తేదీ కొట్టి ఉంటుంది. తయారైనప్పటి నుంచి ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు. మాత్రల అట్ట మీద గడువు చూసుకునే అలవాటు మనకుంది, డిస్కు రింగు మీద చూసే అలవాటు ఇంకా రాలేదు. వానాకాలమంతా సైటులో సిమెంటు బస్తాల పక్కన పడి ఉన్న డిస్కును దులిపి ఎక్కించేస్తాం.

ఇంకొకటి, సైట్లలో చూస్తూనే ఉంటాం. లోతుగా కోయాల్సి వస్తే నాలుగంగుళాల మెషిన్‌కు గార్డు ఊడదీసి, ఏడంగుళాల డిస్కు బిగించడం. నాలుగంగుళాల డిస్కుకు మధ్య రంధ్రం 16 మి.మీ., ఏడంగుళాలదానికి 22.23 మి.మీ. కావాలనే వేరువేరుగా పెట్టారు. బుష్ వేసి సరిపెడతారు మనవాళ్లు. అప్పుడేమవుతుంది? 8,500 చుట్ల హద్దున్న డిస్కు 12,000 చుట్లు తిరిగే రకం మెషిన్ మీదికి ఎక్కుతుంది. అంచు వేగం సెకనుకు 113 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లు కూడా పెరగలేదు, కానీ డిస్కును చీల్చే బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది దాదాపు రెండింతలు. ఇంత ప్రమాదం జరుగుతున్నది ఊడదీసిన గార్డు ఒక మూలన పడి ఉండగా. ఈ ఒక్క లెక్క ప్రతి సైటు గోడ మీదా రాసి ఉండాలని నా కోరిక.

చేతిలో పట్టుకునే పనిముట్టుకు అసలు ఇంత వేగం ఎందుకు? మోటారు బరువు తగ్గించడానికి. మోటారు ఇచ్చే శక్తి అంటే తిప్పే బలాన్ని, తిరిగే వేగాన్ని గుణించగా వచ్చేది. మోటారు ఎంత పెద్దగా, ఎంత బరువుగా ఉండాలో తేల్చేది ప్రధానంగా తిప్పే బలమే. దానికే ఇనుము, రాగి కావాలి. ఒక హార్స్‌పవర్, అంటే 746 వాట్లు తీసుకుందాం. వర్క్‌షాపు బల్లకు బిగించిన మోటారు 1,440 చుట్ల మీద ఆ శక్తి ఇవ్వాలంటే దాదాపు 5 న్యూటన్ మీటర్ల బలం కావాలి. అదే శక్తిని 25,000 చుట్ల మీద తీసుకుంటే 0.29 చాలు. పదిహేడో వంతు. అందుకే బల్ల మీది మోటారును ఎత్తడానికి రెండు చేతులు కావాలి, అంత శక్తే ఉన్న చేతి గ్రైండరు రెండు కిలోల దగ్గరే ఉంటుంది. లోపల మోటారు పిచ్చి వేగంతో తిరుగుతుంటే, ముందున్న పళ్లచక్రాలు ఆ వేగాన్ని పనికి తగ్గట్టు దించుతాయి.

అయితే మన ఇళ్లకొచ్చే 50 హెర్ట్జ్ కరెంటు మీద మామూలు ఇండక్షన్ మోటారు నిమిషానికి 3,000 చుట్లు దాటలేదు. దాటాలంటే యూనివర్సల్ మోటారు కావాలి. కార్బన్ల ద్వారా ఆర్మేచరుకూ, దాని చుట్టూ ఉన్న ఫీల్డ్ కాయిల్‌కూ ఒకే కరెంటు వరసగా పారుతుంది. ఏసీ అయినా డీసీ అయినా తిరుగుతుంది. వంటింట్లో మిక్సీ అరిచే అరుపు కూడా ఈ మోటారుదే. కార్బన్లు అరిగిపోతే నిప్పురవ్వలు పెద్దవవుతాయి, కమ్యుటేటర్ నల్లబడుతుంది, చివరికి ఆర్మేచర్ కాలుతుంది. కార్బన్ల జత ఖరీదుకూ ఆర్మేచర్ రీవైండింగ్ ఖరీదుకూ పోలికే లేదు. చేతి మెషిన్లు బాగుచేసే ఏ మెకానిక్‌ను అడిగినా మొదట చెప్పేది ఈ మాటే.

ఇక్కడిదాకా రావడానికి ఎన్నేళ్లు పట్టింది? 1889 ఆగస్టు 20న ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో ఆర్థర్ జేమ్స్ ఆర్నాట్, విలియం బ్లాంచ్ బ్రెయిన్ అనే ఇద్దరు విద్యుత్ డ్రిల్లుకు పేటెంటు తీసుకున్నారు. రాతిని తొలచడానికి, బొగ్గు తవ్వడానికి ఉద్దేశించిన యంత్రం అది. చేత్తో పట్టుకుని తిరిగేది కాదు. 1895లో జర్మనీలో స్టుట్‌గార్ట్‌కు చెందిన ఫైన్ సంస్థ చేతి డ్రిల్లు తెచ్చింది. బరువు 7.5 కిలోలు. రెండు చేతులతో పట్టుకుని, ఛాతీతో నెట్టాల్సిన సరుకు. అయినా పనిని యంత్రం దగ్గరికి మోసుకెళ్లే రోజులు పోయి, యంత్రాన్నే పని దగ్గరికి తీసుకెళ్లే రోజులు వచ్చాయి. పరిశ్రమలో అసలు మార్పు నా దృష్టిలో ఇదే. ఓడ పక్కటెముకకో వంతెన దూలానికో రంధ్రం వేయాలంటే దాన్ని తెచ్చి డ్రిల్లింగ్ మెషిన్ కింద పెట్టలేం కదా.

1910లో అమెరికాలోని బాల్టిమోర్‌లో డంకన్ బ్లాక్, అలోంజో డెకర్ చెరో 600 డాలర్లు వేసుకుని కంపెనీ పెట్టారు. ఆ వాటా కోసం బ్లాక్ తన కారు అమ్ముకున్నాడు. డ్రిల్లుకు పిస్తోలు పిడి, చూపుడు వేలి కింద ట్రిగ్గర్ స్విచ్ పెట్టిన వాళ్ల రూపకల్పనకు 1917లో పేటెంటు వచ్చింది. వందేళ్లు దాటినా డ్రిల్లు రూపం అదే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1946లో, పావు అంగుళం డ్రిల్లును 16.95 డాలర్లకు మామూలు ఇళ్లకు అమ్మకానికి పెట్టారు. ఇక గ్రైండరు సంగతి: మనం నేడు వాడే వేగవంతమైన యాంగిల్ గ్రైండరును 1954లో జర్మనీ సంస్థ ఫ్లెక్స్ తెచ్చింది.

వీటన్నిటిలోనూ నన్ను బాగా ఆకట్టుకునేది 1932లో బాష్ తెచ్చిన హ్యామర్. అది పనిచేసే తీరు తెలిస్తే వాట్ల అంకె ఎంత అరకొర సమాచారమో అర్థమవుతుంది. కాంక్రీటుకు రంధ్రం వేసే రోటరీ హ్యామర్‌లో ఒక సిలిండరు ఉంటుంది. మోటారు ఒక పిస్టన్‌ను ముందుకూ వెనక్కూ ఆడిస్తుంది. దాని ముందు ఇంకో ఇనుప దిమ్మ ఉంటుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి తాకవు. మధ్యలో చిక్కిన గాలి నలిగి, ఆ దిమ్మను విసిరికొడుతుంది. దెబ్బ బిట్టుకు చేరుతుంది, ఎదురు అదురులో చాలా భాగం గాలిలోనే ఇంకుతుంది. మామూలు ఇంపాక్ట్ డ్రిల్లులో ఈ గాలి ఏర్పాటు లేదు, పళ్ల బిళ్లలు రెండు ఒకదాని మీద ఒకటి గెంతుతూ దెబ్బ పుట్టిస్తాయి. అందుకే దాన్ని గోడకేసి ఒత్తి పట్టాలి. రోటరీ హ్యామర్‌కు అంత ఒత్తు అక్కర్లేదు.

ఇప్పుడు లెక్క. మార్కెట్లో సాధారణంగా దొరికే 800 వాట్ల రోటరీ హ్యామర్ ఒక్కో దెబ్బకు 2.7 జౌళ్ల శక్తి ఇస్తుంది, నిమిషానికి 4,000 దెబ్బలు కొడుతుంది. 2.7 జౌళ్లంటే కిలో సుత్తిని 27 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలినంత. పెద్ద దెబ్బేమీ కాదు, కానీ సెకనుకు 67 సార్లు పడుతుంది. మొత్తం కలిపితే 180 వాట్లు. మరి 800 ఎక్కడికి పోయింది? నేమ్‌ప్లేటు మీది వాట్లు మెషిన్ గోడ నుంచి గుంజుకునే కరెంటు లెక్క, బిట్టు కొనకు చేరే శక్తి కాదు. మిగిలింది బిట్టు తిప్పడానికి కొంత, వేడికీ శబ్దానికీ ఫ్యానుకూ కొంత. కొట్లో అమ్మేవాళ్లు వాట్లే చెబుతారు, కొనేవాళ్లూ వాట్లే అడుగుతారు. హ్యామర్ కొనేటప్పుడు అడగాల్సింది జౌళ్లు, కిలోలు. ఎనిమిది గంటలు ఎత్తి పట్టుకోవాల్సిన మనిషికి అరకిలో తేడా కూడా తేడానే.

తీగ తెగిన కథ 1961లో మొదలైంది. నికెల్ కాడ్మియం సెల్స్‌తో తొలి కార్డ్‌లెస్ డ్రిల్లును బ్లాక్ అండ్ డెకర్ ఆ ఏడాది చూపించింది. చంద్రయాత్రల కోసమే కార్డ్‌లెస్ మెషిన్లు పుట్టాయని చాలామంది నమ్ముతారు, వరస తలకిందులైంది. చంద్రుడి మీద డ్రిల్లు నడిచింది 1971లో, అపోలో 15తో. దాని తయారీలో ఈ కంపెనీ పాత్ర ఉంది, కానీ అప్పటికి భూమ్మీద కార్డ్‌లెస్ డ్రిల్లుకు పదేళ్లు నిండాయి. అసలు మలుపు లిథియం. 2003లో బాష్ చిన్న స్క్రూడ్రైవరులో, 2005లో మిల్వాకీ, మకీటా పెద్ద మెషిన్లలో లిథియం అయాన్ బ్యాటరీ పెట్టాయి. 18 వోల్టులు రావాలంటే 1.2 వోల్టుల నికెల్ సెల్స్ 15 కావాలి, 3.6 వోల్టుల లిథియం సెల్స్ 5 చాలు. పెట్టె మీద 20 వోల్టులని రాసి ఉన్నా లోపల ఉన్నవి ఆ అయిదే; నిండా చార్జి చేసినప్పుడు ఒక్కోటి 4 వోల్టుల పైచిలుకు చూపిస్తుంది, అంతే తేడా. రెండు రెట్ల ధర పెట్టి 20 వోల్టులది కొనుక్కునే ముందు ఇది తెలిసి ఉంటే మంచిది.

18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 90 వాట్ అవర్లు. 700 వాట్ల గ్రైండరు పూర్తి భారం మీద నడిస్తే ఎనిమిది నిమిషాల లోపే ఖాళీ. గోడ కరెంటు మీద 3 ఆంపియర్లతో సరిపెట్టే ఆ మెషిన్, 18 వోల్టుల మీద 39 ఆంపియర్లు లాగుతుంది. అందుకే బ్యాటరీ మెషిన్లలో కార్బన్లు లేని మోటార్లు వేగంగా వచ్చాయి; రుద్దుడు పోతే నష్టమూ తగ్గుతుంది. స్క్రూలు బిగించే పనికి, మెట్ల మీద, పైకప్పు మీద చేసే పనికి కార్డ్‌లెస్‌ను మించింది లేదు. రోజంతా గ్రానైట్ కోసే పనికి మాత్రం తీగే దిక్కు.

పెద్ద కర్మాగారాల్లో ఇంకో దారి పట్టారు. కరెంటు 50 హెర్ట్జే ఎందుకుండాలని ప్రశ్నించి, 200 హెర్ట్జ్‌కు మార్చితే కార్బన్లు లేని ఇండక్షన్ మోటారే 12,000 చుట్లు తిరుగుతుంది; 300 హెర్ట్జ్‌కు 18,000. ఫౌండ్రీల్లో, విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్ లాంటి నౌకా నిర్మాణ కేంద్రాల్లో మూడు షిఫ్టులూ ఆగకుండా అతుకులు అరగదీసే పనికి అనువైనవి ఇలాంటి మెషిన్లే. ఇక కారు కర్మాగారాల్లో ఒకప్పుడు గాలి గన్నులదే రాజ్యం. కంప్రెసరుకు పెట్టిన కరెంటులో పనిముట్టు కొనకు చేరేది 10 నుంచి 20 శాతం, మిగతాది వేడి, లీకులు. ఖర్చొక్కటే కాదు, గాలి గన్ను బోల్టును ఎంత బిగించిందో చెప్పలేదు. ఎలక్ట్రిక్ నట్‌రన్నరు చెబుతుంది. ఎంత బలంతో బిగించింది, చివర్లో ఎన్ని డిగ్రీలు తిరిగింది, రెండూ ఆ బండి నంబరు మీద నమోదవుతాయి. పెనుకొండ దగ్గరి కియా కర్మాగారం సామర్థ్యం ఏటా 3 లక్షల కార్లతో మొదలైంది. 300 పనిదినాలు, రోజుకు 20 గంటలు అనుకుంటే 72 సెకన్లకో కారు. అంత వేగంలో బిగింపును మనిషి అంచనాకు వదిలేయలేరు. 50 న్యూటన్ మీటర్ల బిగింపు ముగిసే క్షణాన అర మీటరు పిడి పట్టుకున్న చేతి మీద 10 కిలోల ఎదురుతన్ను పడుతుంది. షిఫ్టుకు వందలసార్లు పడితే మణికట్టు ఏమవుతుంది? అందుకే ఆ తన్నును తాను మోసే ఇనుప చేతులను పనిముట్టుకు తగిలిస్తారు.

మన ఊళ్ల సైట్లలో ఈ సౌకర్యాలేవీ ఉండవు. మొదట తీగ దగ్గరే తేడా. 50 మీటర్ల పొడిగింపు వైరు అంటే పోనూ రానూ 100 మీటర్ల రాగి. 0.75 చదరపు మి.మీ. వైరైతే 2.3 ఓమ్‌ల నిరోధం. 1,400 వాట్ల మెషిన్ లాగే 6 ఆంపియర్లకు 14 వోల్టులు దారిలోనే పోతాయి. అసలే సాయంత్రం వోల్టేజీ తక్కువ. మెషిన్ నీరసపడుతుంది, పనివాడు ఇంకా ఒత్తుతాడు, కరెంటు ఇంకా పెరుగుతుంది. 2.5 చదరపు మి.మీ. వైరు వాడితే నష్టం 4 వోల్టులే. రెండోది ప్రాణానికి సంబంధించినది. బోర్డులోని 16 ఆంపియర్ల ఎంసీబీ మనిషిని కాపాడేది కాదు, వైరును కాపాడేది. మనిషి గుండెను ఆపడానికి 16 ఆంపియర్లు అక్కర్లేదు, అందులో వందో వంతు కూడా చాలు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అంత చిన్న లీకును పట్టి, సెకనులో మూడో వంతు లోపు కరెంటు ఆపేస్తుంది. బ్రిటన్ సైట్లలో ఇంకో అడుగు ముందుకేసి, మెషిన్లను 110 వోల్టుల మీదే నడుపుతారు; ఆ ట్రాన్స్‌ఫార్మరు మధ్యలో భూమికి కలిపి ఉంటుంది కాబట్టి తీగ తాకినా మనిషికి తగిలేది 55 వోల్టులే.

అదురుకూ లెక్కుంది. ఐరోపా నిబంధనల్లో చేతికి తగిలే అదురును ఎనిమిది గంటల సగటుగా, సెకను వర్గానికి మీటర్లలో (m/s²) కొలుస్తారు. 2.5 దాటితే యజమాని చర్య తీసుకోవాలి, 5 దాటనివ్వకూడదు. కాంక్రీటు మీద హ్యామర్లు 10 నుంచి 15 దాకా అదురుతాయి. 10 అయితే రెండు గంటల్లో ఆ రోజు కోటా అయిపోతుంది. 15 అయితే 53 నిమిషాల్లో. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్ సున్నపురాయి గనుల్లో గాలి సుత్తులు పట్టిన వాళ్ల వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కడాన్ని వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ 1918లోనే నమోదు చేశారు. ఆ తెలుపు చలికి బయటపడుతుంది. మన ఎండల్లో కనిపించదు కాబట్టి జబ్బే లేదనుకుంటాం. శబ్దం సంగతి: 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు భరించవచ్చనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. గ్రైండరు ఇనుము మీద పెట్టే 100 డెసిబెల్స్‌కు మిగిలేది 15 నిమిషాలు.

దుమ్ము గురించి ఎంత చెప్పినా తక్కువే. కరీంనగర్ గ్రానైట్, ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ రాయి దేశదేశాలకు వెళ్తాయి. వంటగదిలో గట్టు వేయడానికి వాటిని చివరి కోత కోసేది మాత్రం మన ఇంటి వరండాలోనే, మార్బుల్ కట్టరుతో. 18 మి.మీ. మందం పలకను ఒక మీటరు పొడవున కోశారనుకుందాం. బ్లేడు మందం 2 మి.మీ. రాయిగా ఉన్నది పొడిగా మారే పరిమాణం 36 ఘన సెంటీమీటర్లు, బరువు 97 గ్రాములు. భూగర్భశాస్త్రం గ్రానైట్ అని పిలిచే రాతిలో క్వార్ట్జ్ ఐదో వంతుకు తగ్గదు. ఇక్కడ 30 శాతం అనుకుంటే 29 గ్రాముల సిలికా. అమెరికా కార్మిక నిబంధనల హద్దు ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాములు. పనిచేసే మనిషి ఒక షిఫ్టులో పీల్చే గాలి సుమారు 10 ఘనపు మీటర్లు కాబట్టి రోజంతా కలిపి అర మిల్లీగ్రాము. ఆ ఒక్క మీటరు కోతలో లేచిన సిలికాలో 58 వేలో వంతు ఊపిరితిత్తుల అడుగుకు చేరినా రోజు హద్దు నిండిపోతుంది. దుమ్ములో చాలా భాగం ముతకగా ఉండి నేలకు దిగుతుంది, నిజమే. ప్రమాదం కంటికి కనిపించని కొన్ని మైక్రాన్ల రేణువులతోనే. మూతికి కట్టిన తువ్వాలు వాటిని ఆపలేదు. సిలికోసిస్ వస్తే నయం చేసే మందు లేదు.

రాయి రకం మీద కూడా ఆధారపడుతుంది. గ్రానైట్ పేరుతో అమ్ముడయ్యే చీమకుర్తి గెలాక్సీ శాస్త్రం ప్రకారం గాబ్రో జాతి రాయి. అందులో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం, విడి క్వార్ట్జ్ చాలా తక్కువ. దీనికి పూర్తి విరుద్ధం ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో ఫ్యాషన్‌గా మారిన కృత్రిమ క్వార్ట్జ్ పలకలు. వాటిలో 90 శాతం దాకా సిలికాయే. వాటిని కోసిన యువ కార్మికులు వరసగా జబ్బుపడటంతో ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి అలాంటి పలకల తయారీ, సరఫరా, బిగింపు అన్నిటినీ నిషేధించింది. నిషేధించని చోట్ల నియమం సూటిగా ఉంది. చేతి రంపంతో రాయి కోస్తే బ్లేడు మీదికి నీళ్లు ఆగకుండా అందాలి. గది లోపల కోస్తే నీళ్లతో పాటు సరైన మాస్కు కూడా పెట్టుకోవాలని అమెరికా నిబంధనల పట్టికలో రాసి ఉంది.

మన దగ్గర గ్రానైట్ పనికి రేటు రన్నింగ్ ఫుట్ లెక్కన మాట్లాడతారు. నీళ్లు పడితే గుర్తు గీత చెరిగిపోతుంది, నేల బురదవుతుంది, చేతిలో కరెంటు మెషిన్ ఉండగా నీళ్లంటే భయం వేస్తుంది, కాబట్టి పని నెమ్మదిస్తుంది. ఫుట్‌కు ఇంత అని కూలి కట్టినప్పుడు ఆ నష్టం కోసే మనిషి నెత్తిన పడుతుంది, అందుకే పొడిగానే కోస్తాడు. ఇల్లు కట్టించుకునే వాళ్లు రేటు ఖాయం చేసేటప్పుడే తడి కోతకు ఫుట్‌కు ఎంత అదనంగా ఇస్తారో, నీటి పైపు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న బోర్డు, మాస్కులు ఎవరు తేవాలో కూడా మేస్త్రితో తేల్చుకుని కాగితం మీద రాసుకోవచ్చు. ఆర్‌సీసీబీ ఉంటే నీళ్ల భయమూ చాలావరకు తీరుతుంది.